వైకుంఠ రథానికి టర్బో

మా చిలకలంక పురపాలక సంఘంలో అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే వాహనం వైకుంఠ రథమని రాజధానిలోని ప్రధాన కార్యాలయం కనిపెట్టింది.

అది వేగోత్సవ సంవత్సరం. పౌరసేవలన్నీ వేగంగా అందాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సేవ ఎంత వేగంగా అందుతోందో కొలవడం ఎలాగో ఎవరికీ తోచక, సేవ చేసే బళ్ళ వేగాన్ని కొలుద్దామని నిర్ణయించారు. చెత్త లారీలకీ, నీళ్ళ ట్యాంకర్లకీ, దోమల పొగ బండికీ తలా ఒక జీపీఎస్ పెట్టె బిగించారు. ఆ పెట్టెలు చెప్పే సగటు వేగాన్ని బట్టి సోమవారం సోమవారం ఊళ్ళకి ర్యాంకులు ఇచ్చేవారు.

మా ఊరు మొదట్లో బాగానే పుంజుకుంది. చెత్త ఎత్తడానికి ఆగితే సగటు పడిపోతోందని మా లారీలు ఆగడం మానేశాయి. దోమల బండి వీధిలోకి వచ్చిన సంగతి దోమలకి తెలిసేలోపే వీధి దాటిపోయేది. ఇంత చేసినా ప్రతి సోమవారం మాది ఆఖరి ర్యాంకే. ఎందుకా అని ఆరా తీస్తే, శవాల్ని కైలాసభూమికి తీసుకెళ్ళే మా వైకుంఠ రథం మనిషి నడిచే వేగంతో వెళ్తూ ఊరి పరువంతా తీస్తోందని తేలింది.

నేను ఆ సంఘంలో మెకానికల్ విభాగానికి అసిస్టెంట్ ఇంజనీర్ని. పేరు ఇందుమతి. విభాగమంటే నేనూ, ఒక రేకుల షెడ్డూ. కమిషనరు పరాంకుశరావు గారు నన్ను పిలిపించారు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఎవరు కష్టమని వచ్చినా కుర్చీ వేయించి, మంచినీళ్ళిప్పించి, పూర్తిగా విని, ఆ తరవాతే కుదరదనేవారు.

"ఇందుమతి గారూ, ఈ రథం పెర్ఫార్మెన్సు మీద మీ సాంకేతిక అభిప్రాయం ఏమిటి?" అన్నారు.

"బండి బాగానే ఉంది సార్. ముందు డప్పులవాళ్ళు నడుస్తారు. నిప్పుకుండ పట్టుకున్నాయన నడుస్తాడు. వెనకాల బంధువులు నడుస్తారు. మధ్యలో బండి కూడా నడుస్తుంది."

"అక్కడే ఉంది లోపం. బండి నెమ్మదిగా వెళ్తోంది కాబట్టి జనం నడుస్తున్నారు. అదే బండి వేగంగా వెళ్తే?"

"జనం వెనకబడిపోతారు సార్."

"వెనకబాటుతనాన్ని నిర్మూలించడమే కదమ్మా ప్రభుత్వ ఆశయం!" అన్నారాయన, తన మాట తనకే నచ్చి. తరవాత ఫోను తీసి ఒక వీడియో చూపించారు. అందులో ఎవరో కుర్రాళ్ళు పాత జీపుకి టర్బో బిగించి ఇసకదిబ్బ ఎక్కిస్తున్నారు. "మన రథానికి ఇది పెట్టించండి."

నేను ఉన్న సంగతి చెప్పాను. టర్బో అంటే ఇంజను వదిలే వేడిపొగతో తిరిగే చిన్న చక్రం. అది తిరిగినకొద్దీ ఇంజనులోకి గాలిని నొక్కి పంపుతుంది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ మండించుకోవచ్చు. బలం పెరుగుతుంది. బలంతో పాటు వేడీ పెరుగుతుంది. మన బండిలో ఇంజను ముందు సీట్ల మధ్య మూత కింద ఉంది. దాని వెనకే శవాన్ని ఉంచే అద్దాల పెట్టె. ఆ వేడి ఎక్కడికి పోతుందో ఆలోచించండి అన్నాను.

ఆయన ఆలోచించారు. "వేడి వచ్చాక దానికి వేరే ఫైలు తెరుద్దాం. ముందు వేగం శాంక్షన్ చేద్దాం," అన్నారు.

*

టర్బో ఎంపికకి కమిటీ వేశారు. అధ్యక్షుడు స్టోర్స్ సూపరింటెండెంట్ సూర్యప్రభాకరం గారు. ఈ ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువుకీ స్టోర్స్ మాన్యువల్లో ఒక చోటుందని నమ్మే మనిషి. మాన్యువల్లో టర్బో లేదు. ఒక రోజంతా ఆయనకి అన్నం సయించలేదు. మర్నాడు వెలిగిపోతున్న ముఖంతో వచ్చారు.

"తిరుగుతుందా?" అని అడిగారు నన్ను.

"తిరుగుతుందండి."

"గాలి వేస్తుందా?"

"వేస్తుందండి, కానీ..."

"అయితే ఫ్యానే. ఫ్యాన్లకి మనకి రూల్సున్నాయి."

ఆ రూల్స్ ప్రకారమే టెండర్లు పిలిచారు. పట్నం నుంచి ఒక సేల్స్ మనిషి మూడు కిట్లు పట్టుకొచ్చి సమావేశం బల్ల మీద పెట్టాడు. ఒక దాంట్లో టర్బో నారింజకాయంత ఉంది, రెండోది కొబ్బరికాయంత, మూడోది పనసకాయంత. పనసకాయంతది దుంగల లారీలకి పెట్టేది.

నేను నారింజకాయ వైపు మొగ్గాను. మనది చిన్న ఇంజను, వదిలే పొగ తక్కువ, ఆ పొగతో చిన్న చక్రమే తొందరగా తిరుగుతుంది, పెద్దది పెడితే ఇంజను గట్టిగా అరిచేదాకా అది కదలనే కదలదు, కదిలిందా ఇక ఆగదు అని వివరించాను. కమిటీ శ్రద్ధగా విన్నది. ఆ తరవాత సూర్యప్రభాకరం గారు జేబులోంచి స్కేలు తీసి మూడింటి రెక్కలూ కొలిచారు.

"రెక్క పొడుగు ఎందులో ఎక్కువ?"

"పెద్దదాంట్లోనండి," అన్నాడు సేల్స్ మనిషి.

"సీలింగుకి బిగించే రాడ్డు ఇస్తారా?"

నేను నోరు తెరిచాను. సేల్స్ మనిషి చాలా ఆఫీసులు తిరిగినవాడు. తొణక్కుండా "కంపెనీ రాడ్డు ఇస్తామండి, క్రీమ్ కలర్లో," అన్నాడు.

"రెగ్యులేటరు?"

"ఉందండి. ఇదిగో, గాలి మరీ ఎక్కువైతే పొగని పక్కకి వదిలేసేది. వేస్ట్‌గేట్ అంటారు."

సూర్యప్రభాకరం గారి కలం ఆగిపోయింది. "వేస్టు గేటా? అది శానిటేషన్ విభాగానిది కదా. వాళ్ళ కన్‌కరెన్సు లేకుండా మనం వేస్టు విషయంలో ఎలా ముందుకెళ్తాం?"

శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, వేస్ట్‌గేట్‌ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, తడిచెత్త, పొడిచెత్త వేరువేరుగా పోయే ఏర్పాటుంటే తమకి అభ్యంతరం లేదని రాసిచ్చాడు. పనసకాయ ఏకగ్రీవంగా ఎంపికైంది. నా అసమ్మతి కూడా మినిట్స్‌లో ఎక్కింది: 'ఏఈ గారు చిన్న ఫ్యాను చాలన్నారు, పొదుపు పట్ల వారి తపనను కమిటీ అభినందించినది.'

*

మా వైకుంఠ రథం డ్రైవరు తాతారావు. గుంతల రోడ్డు మీద కూడా అద్దాల పెట్టెలో పూలదండ చెదరకుండా నడిపేవాడు. లోపలున్నవారు ఫిర్యాదు చెయ్యలేరు కాబట్టి మనమే జాగ్రత్తగా ఉండాలండీ అనేవాడు. టర్బో బిగించాక బైపాస్ రోడ్డు మీద ట్రయల్ వేసి వచ్చి, బండి దిగి, గట్టు మీద కూలబడ్డాడు.

"ఎలా ఉంది తాతారావు?" అన్నాను.

"ఎల్లదండి," అన్నాడు. "ఎల్లదండి, ఎల్లదండి, ఎల్లదండి... ఎల్లిపోద్దండి!"

"బ్రేకు పట్టిందా?"

"బ్రేకు బాగానే పట్టిందండి. నాకే పట్టు తప్పింది. అదీగాక ఈల ఏత్తాందండి మేడంగారూ."

నిజమే. పెద్ద టర్బో తిరుగుతుంటే సన్నగా మొదలై పైకి లేచే ఈల వినబడుతుంది. లారీ మీదైతే ఎవరూ పట్టించుకోరు. శవం బండి ఈల వేస్తే ఎలా ఉంటుందో మాకు ఆ మొదటి గురువారం తెలిసింది.

పోయినాయన బట్టల కొట్టు కాంతయ్యగారి తండ్రి. నిండుగా బతికిన మనిషి. జనం బాగా వచ్చారు. డప్పులు ముందు, బండి వెనక. నడకలో బండికి గాలి తగలదు. దానికి తోడు కిట్టుతో వచ్చిన ఇంటర్‌కూలర్ అనే జల్లెడని రేడియేటరుకి సరిగ్గా ముందు బిగించారు కంపెనీవాళ్ళు. ఉన్న కాస్త గాలికీ అది అడ్డం. సంత వీధి దాటేసరికి సీట్ల మధ్య మూత పెనంలా కాలింది. తాతారావు సీటు అంచుకి జరిగి, తలుపు తెరిచి, ఒక కాలు బయట పెట్టి నడిపాడు. అద్దాల పెట్టెలో దండలు వడిలిపోయాయి. ముందు గూట్లో పెట్టిన అగరొత్తుల కట్ట ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే పొగ విడవడం మొదలెట్టింది.

సగం దారిలో దింపుడు కళ్ళం వచ్చింది. అక్కడ పాడె దించి, పోయినవారి చెవిలో పేరు పెట్టి పిలవడం మా వైపు ఆచారం. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారని ఆశ. టర్బో బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఇంజను ఠక్కున ఆపేస్తే లోపల నూనె మాడి చక్రం పట్టేస్తుంది, కాసేపు ఊరికే తిరగనివ్వాలని తాతారావుకి నేనే చెప్పాను. అతను ఆపలేదు. కాంతయ్య తండ్రి చెవి దగ్గర వంగి "నాన్నా!" అని పిలిచాడు. సరిగ్గా అప్పుడే ఇంజను ఆగిపోబోతోందని అనుమానమొచ్చి తాతారావు యాక్సిలరేటరు నొక్కాడు. "హుయ్‌య్‌య్" అని జవాబొచ్చింది.

పెద్దల్లుడు చెప్పులొదిలేసి పరిగెత్తాడు. డప్పులవాళ్ళు ఆయన వెనకే. మిగతావాళ్ళు ఎటు పరిగెత్తాలో తెలియక ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు.

*

వేడి మీద వేరే ఫైలు తెరిచారు. పరాంకుశరావు గారు ఈ విషయంలో చాలా ఆందోళనగా ఉన్నారు. "దహనం నిర్దేశిత స్థలంలోనే జరగాలని చట్టం. దారిలో మన వాహనంలోనే మొదలైతే హెల్త్ వింగు వాళ్ళు నన్ను వదలరు," అన్నారు. "పరిష్కారం చెప్పండి."

నేను మూడు అడిగాను. పొగగొట్టానికి చుట్టే వేడి తట్టుకునే టేపు. టర్బోకి తొడిగే దుప్పటి. లోపలి వేడి బయటికి పోవడానికి మూతకి కన్నాలు.

"ఇంజను ఉడికిపోతోందంటూ దుప్పటి అడుగుతారేమిటమ్మా?"

"మనం కప్పుకునేది కాదు సార్. గాజునూలుతో నేస్తారు. వేడిని టర్బో లోపలే ఉంచి చుట్టుపక్కలకి పాకనివ్వదు. ఆ పేరు అలా వచ్చింది."

"కంటైన్‌మెంట్ స్ట్రాటజీ!" అని ఆయన వెంటనే సంతకం పెట్టారు.

వారం తిరక్కుండా స్టోర్స్ నుంచి సరుకొచ్చింది. టేపు అడిగాను కదా, రోడ్లు కొలిచే టేపు పంపారు. దుప్పటి అంటే దుప్పటే, నిరాశ్రయుల వసతి గృహానికి కొన్న ఎర్రచారల ఉన్ని దుప్పటి, ఒక మూల పురపాలక సంఘం ముద్రతో. కన్నాల మీద మాత్రం పెద్ద చర్చ నడిచింది. ప్రభుత్వ ఆస్తికి కన్నం వెయ్యడం ఏ సెక్షను కింద నేరమో ఉటంకిస్తూ సూర్యప్రభాకరం గారు నాకు నోటీసు పంపించారు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళకి ఒక ఇంజనీరు కన్నాలకి అనుమతి కోరడం విచారకరమన్నారు.

నేను స్వయంగా ఆయన గదికి వెళ్ళాను. "ప్రభాకరం గారూ, ఈ దుప్పటి టర్బో మీద వేస్తే అంటుకుంటుందండి."

"అంటుకుంటే వెచ్చదనం నిరూపణ అయినట్టే కదండీ," అన్నారాయన. "క్వాలిటీ విషయంలో మా విభాగాన్ని శంకించకండి."

దుప్పటిని తాతారావు నాలుగు మడతలు వేసి సీటు మీద పరుచుకుని కూర్చున్నాడు. టర్బో పుణ్యమా అని ఆ దుప్పటికి పట్టిన ఉపయోగం అదొక్కటే.

మళ్ళీ సమావేశం పెట్టారు. ఈసారి నాకు విసుగొచ్చి సూటిగా చెప్పేశాను. "సార్, ఇంజనుకి గాలి తగిలితేనే వేడి తగ్గుతుంది. బండి నడకన వెళ్తే గాలి తగలదు. అసలీ టర్బోని నడిచే బండికి పెట్టకూడదు."

ఆ మాటలోని చివరి వాక్యం ఎవరికీ వినబడలేదు. పరాంకుశరావు గారు కుర్చీలోంచి సగం లేచారు. "అంటే బండి పరిగెడితే గాలి తగులుతుంది. గాలి తగిలితే వేడి తగ్గుతుంది. వేడి సమస్యకీ, వేగం సమస్యకీ ఒకటే మందు! ఇంత తేలిక విషయాన్ని మీరు ముందే ఎందుకు చెప్పలేదు?"

రెండు రోజుల్లో 'అంతిమయాత్ర కనీస వేగ నిబంధనలు' అచ్చయి గోడలకెక్కాయి. నాకు అందులో ఒక వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు: 'మృతుల బంధుమిత్రులు, శ్రేయోభిలాషులు వాహన ఇంజను ఉష్ణోగ్రతను దృష్టిలో ఉంచుకొని, తగు వేగముతో దుఃఖించవలెను.'

*

మా ఊళ్ళో జనానికి మున్సిపాలిటీ ఏం చెప్పినా మొదట నవ్వుతారు, తరవాత తిడతారు, చివరికి చేస్తారు. ప్రైవేటు బండి తెచ్చుకుందామంటే పక్క పట్నం నుంచి రావాలి. కాబట్టి పరిగెత్తారు. నిప్పుకుండ పట్టుకున్న కొడుకు ముందు, డప్పులవాళ్ళు ఆ వెనక, ఈల వేసుకుంటూ రథం, పంచెలు ఎగ్గట్టిన బంధువులు. పురోహితులు శాస్త్రులుగారు మంత్రాల్లో ఒత్తులు వదిలేసి సర్దుకున్నారు. డప్పులవాళ్ళు రేటు పెంచారు. దుఃఖం వచ్చినా ఊపిరి చాలక ఎవరూ ఏడ్చేవారు కాదు. ఆ నిశ్శబ్దాన్ని కూడా 'శబ్దకాలుష్య నివారణ' కింద నివేదికలో చేర్చాం.

ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, పెద్దవయసువాళ్ళు ఉన్న ఇళ్ళు గుర్తించి, ఆ ఇంటి మగవాళ్ళని పొద్దున్నే మున్సిపల్ గ్రౌండుకి రమ్మన్నారు. డ్రిల్లు మాస్టారు ఇసక నింపిన కుండలిచ్చి పరుగు నేర్పేవాడు. దీంతో ఒక చిక్కొచ్చింది. గ్రౌండులో ఎవరి కొడుకు పరిగెడుతున్నా, పాపం వాళ్ళ నాన్నకి బాగోలేదని ఊరంతా అనుకునేది. జ్వరమొచ్చి పడుకున్న మా వీధి నరసింహమూర్తి గారు, కొడుకు కొత్త బూట్లు కొనుక్కున్నాడని తెలిసి వాడితో మూడేళ్ళు మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నారు. బతకాలన్న పట్టుదలతోనే లేచి తిరిగారు.

ఆ తరవాతి సోమవారానికి మా ర్యాంకు మధ్యకి వచ్చింది. ఆ పై నెలకి మొదటికి వచ్చింది. పరాంకుశరావు గారికి శాలువా కప్పారు. గోడ మీద ఆయన ఫొటో పెట్టారు. రథం మాత్రం పరిగెత్తినంతసేపూ కాస్త చల్లబడి, ఆగినచోటల్లా మండేది.

*

అప్పుడు మంగతాయారమ్మ పోయింది.

ఆవిడ భర్త గవర్రాజు గారు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా, పెళ్ళికి ముందే స్తంభం మీంచి పడితే తుంటి విరిగింది. అప్పట్నుంచి కర్ర లేకుండా అడుగు పడదు. నోరు మాత్రం ఊళ్ళో అందరికన్నా చురుగ్గా పడేది. సాయంత్రాలు ఆ ఇద్దరూ కాలవగట్టు మీద నడుస్తుంటే వెనకాల సైకిళ్ళు బెల్లు కొట్టేవి. ఆయన వెనక్కి తిరిగి తిట్టేవారు. ఆవిడ ఆయన అడుగుకి తన అడుగు తగ్గించుకుని, ఎక్కడా ముందుకి పోకుండా, ఏదో ఒకటి చెబుతూ నడిచేది.

ర్యాంకు చేజారకుండా ఈ మధ్య కమిషనరుగారు స్వయంగా అంతిమయాత్రల వెంట జీపులో వస్తున్నారు. సాంకేతిక సహకారానికి నేనూ వెళ్ళాల్సి వచ్చేది. ఆ పొద్దున రథం గవర్రాజు గారి ఇంటి ముందు ఆగి ఉంది. ఇంజను తిరుగుతోంది. మూత సందుల్లోంచి వేడి సెగ కనబడుతోంది. పాడె ఎక్కించారు. కొడుకు నిప్పుకుండ పట్టుకుని, నేర్పిన ప్రకారం ఒక కాలు ముందుకేసి నిలబడ్డాడు.

గవర్రాజు గారు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి రథానికి అడ్డంగా నిలబడ్డారు.

పరాంకుశరావు గారు జీపు దిగారు. "బాబాయిగారూ, మీ పరిస్థితి మాకు తెలుసు. ప్రత్యేక కేసుగా పరిగణించి మిమ్మల్ని జీపులో ఎక్కించుకుంటాం."

"జీపెవరిక్కావాలయ్యా? నేను నడిచొత్తాను."

"నడక నిబంధనల ప్రకారం అనుమతించబడదండి. ఇంజను వేడెక్కుతుంది."

"ఇంజనా?" గవర్రాజు గారు కర్ర ఎత్తి అద్దాల పెట్టె వైపు చూపించారు. "ఇదుగో, పెళ్ళయిన కాణ్ణించీ నా నడక కోసం తన నడక తగ్గించుకుంది. చెల్లెలి పెళ్ళికెళ్ళినా నాతోపాటే ఆఖర్న చేరింది. ఒక్కనాడు కూడా నన్నొదిలేసి ముందుకెళ్ళలేదు. ఇయ్యాల మీ ఇంజను కోసం నేను దానెనకాల పరిగెట్టాలా? లేపోతే అది నన్నిక్కడొదిలేసి ఈలేసుకుంటా ఎల్లిపోవాలా?"

వీధి వీధంతా బయటికొచ్చింది. పరాంకుశరావు గారు నా వైపు చూశారు. ఆయన కళ్ళలో మొదటిసారి ఫైలు కనబడలేదు, ఇబ్బంది కనబడింది. కానీ అలవాటు ఊరుకోనివ్వదు కదా. "దీనికి నిబంధనల్లో ఏమైనా వెసులుబాటు ఉందా ఇందుమతి గారూ?" అన్నారు మెల్లిగా.

నేను ఏదో చెప్పబోయేలోపు గవర్రాజు గారే అరిచారు. "ఒరే తాతారావూ! ఆ దరిద్రాన్ని ఆపెయ్యరా. మేం తోసుకెళ్తాం."

తాతారావు నా వైపు చూశాడు. టర్బో నూనె మాడిపోతుందని నేనే చెప్పి ఉన్నాను. చక్రం పట్టేస్తుంది, కిట్టు పాడవుతుంది, సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలి. "ఆపెయ్యి తాతారావు," అన్నాను.

అతను తాళం తిప్పేశాడు. ఈల సన్నగిల్లి, తేలి, ఆగిపోయింది. ఎన్ని నెలల తరవాతో ఆ వీధిలో పిట్టల చప్పుడు వినబడింది.

పదిమంది వెనక చేరారు. కొడుకు ముందుకేసిన కాలు వెనక్కి తీసుకుని మామూలుగా నిలబడ్డాడు. డప్పు మొదలైంది, పాతకాలపు తాపీ దరువు. బండి కదిలింది. గవర్రాజు గారు ఒక చేత్తో కర్ర, ఒక చెయ్యి అద్దాల మీద ఆనించి, పక్కనే నడిచారు. ఆయన ఆగి ఊపిరి తీసుకుంటే బండి ఆగింది. ఆయన కదిలితే కదిలింది. ఏడవాలనుకున్నవాళ్ళు తీరిగ్గా ఏడ్చారు. నేనూ ఏడ్చాను, నాకు ఆవిడతో పెద్ద పరిచయం లేకపోయినా.

పరాంకుశరావు గారు ఫోను చూసుకుంటూ వెనకాల నడుస్తున్నారు. సగటు ఎప్పుడు పడిపోతుందా అని చూస్తున్నారని నాకు తెలుసు. కాసేపటికి దగ్గరికొచ్చి గుసగుసగా అన్నారు: "ఏమీ చూపించట్లేదమ్మా. వేగం తగ్గలేదు. అసలు వేగమే లేదు."

"తాళం తీసేస్తే జీపీఎస్ పెట్టెకి కరెంటు అందదు సార్. ఇంజను ఆపి షెడ్డులో పెట్టినట్టే లెక్క, సగటులోకి రాదు."

ఆయన నిలబడిపోయారు. తరవాత ఫోను జేబులో వేసుకున్నారు. కాలవ వంతెన ఎక్కుడు దగ్గర బండి బరువెక్కి తోసేవాళ్ళు రొప్పుతుంటే, చొక్కా చేతులు మడిచి తనూ ఒక చెయ్యి వేశారు. ఎవరూ రమ్మనలేదు.

దింపుడు కళ్ళం దగ్గర గవర్రాజు గారు కష్టం మీద వంగి భార్య చెవిలో "తాయారూ" అన్నారు. మళ్ళీ అన్నారు. మూడోసారి అన్నాక ఆచారం ప్రకారం లేవాలి. ఆయన లేవలేదు. వినాల్సిన జవాబు ఇంకా రాలేదన్నట్టు అలాగే ఉండిపోయారు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ఆయనే, "సరే, పదండి," అన్నారు.

*

ఆ సోమవారం మేం మళ్ళీ మొదటి ర్యాంకులోనే ఉన్నాం. పైగా డీజిలు ఖర్చు తగ్గింది. ఇంజను వేడి అదుపులోకి వచ్చిందెలాగని ప్రధాన కార్యాలయం ప్రత్యేకంగా అడిగింది. పరాంకుశరావు గారు ఒక రోజంతా ఆలోచించి 'ప్రజా భాగస్వామ్యంతో శీతలీకరణ' అని నివేదిక పంపారు. పైవాళ్ళు ఎంతో మెచ్చుకుని, రాష్ట్రంలోని వైకుంఠ రథాలన్నిటికీ టర్బోలు బిగించి, బిగించిన వెంటనే ఇంజను ఆపి తోయవలసిందిగా ఉత్తర్వు జారీచేశారు. శిక్షణ కోసం పొరుగు ఊళ్ళ ఇంజనీర్లు మా దగ్గరికొచ్చారు. నేను వాళ్ళకి తోయడం నేర్పాను.

ఇక మా ఊళ్ళో ఎవరు పోయినా ఇంజను ఆపమనే అడిగారు. ఏడాది తిరిగేసరికి ఆడిట్ వాళ్ళు వచ్చి, వాడకంలో లేని ఇంజను వాహనంలో ఉండటం నిరుపయోగ ఆస్తి అని అభ్యంతరం రాశారు. ఇంజను విప్పి వేలం వేశాం. బరువు తగ్గి తోయడానికి సుఖంగా ఉందని తాతారావు అన్నాడు. అతను ఇప్పుడు స్టీరింగు మాత్రం పట్టుకుంటాడు.

టర్బోని కూడా విప్పేద్దామని నేను రాశాను. సూర్యప్రభాకరం గారు ఒప్పుకోలేదు. ఫ్యాన్ల ఆయుర్దాయం ఇంకా చాలా ఉంది, కాలం తీరకుండా తొలగించడం నిబంధనలకి విరుద్ధమట. కాబట్టి ఇప్పుడు మా వైకుంఠ రథంలో ఇంజను లేదు, టర్బో ఉంది. వారానికోసారి షెడ్డుకి వెళ్ళి, దాని మీద దుమ్ము తుడిచి, చెయ్యి ఆనించి చూసి, ఉష్ణోగ్రత సాధారణంగా ఉందని సంతకం పెట్టి వస్తుంటాను.